ఓదెలు ఇంటివాళ్ళు తోడిన నీళ్ళు

నల్లచెలక బొగ్గుగనిలో నీళ్ళు తోడే పంపు ఒకటి ఉండేది. ఆ పంపు ఓదెలు ఇంటివాళ్ళ చేతిలో ఉండేది. ఆ ఇంటివాళ్ళకి తమ తెలివి మీద ఎంత నమ్మకమంటే, ఊళ్ళో ఎవరికైనా సందేహం వస్తే తమనే ఎందుకు అడగరా అని రోజూ ఆశ్చర్యపోయేవాళ్ళు.

పెద్దవాడు ఓదెలు. రెండోవాడు రాజమొగిలి. చిన్నవాడు బక్కయ్య. ముగ్గురికీ అదే పంపు దగ్గర పని. ఓదెలు భార్య బుచ్చవ్వ ముగ్గురికీ సద్ది కట్టేది. బుద్ధి కూడా ఆవిడే చెప్పేది.

"సొంతంగ ఆలోచించేటోడు పని చెడగొడ్తడు. చెప్పింది చెప్పినట్టు చేసేటోడే తెలివిమంతుడు" అనేవాడు ఓదెలు.

"మన ఇంట్ల ఇప్పటిదాంక ఎవ్వలూ సొంతంగ ఆలోచించలే" అని రాజమొగిలి మీసం దువ్వేవాడు.

అది నిజమే. గని వాళ్ళు క్వార్టరు ఇచ్చినప్పుడు, తాళంచెవి ఓదెలు చేతిలో పెట్టి, "ఇది ఎవరి చేతికీ ఇవ్వకు" అన్నాడు ఆఫీసు గుమాస్తా. అంతే. ఆ రోజు నుంచీ ఓదెలు ఇంట్లో లేడంటే ఇంటిల్లిపాదీ కిటికీలోంచే రాకపోకలు. బుచ్చవ్వ అయితే నీళ్ళబిందె చంకన పెట్టుకుని మరీ దూకేది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. గని, నీళ్ళు అనగానే భయపడకండి. ఈ కథలో ఎవరూ మునిగిపోరు, ఎవరికీ కాలు చెయ్యీ విరగదు. తడవడం మాత్రం పెద్దా చిన్నా అందరూ తడుస్తారు.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. గనిలో పైకప్పు నుంచి నీళ్ళు కారడం మొదలైంది. మొదట చుక్కలు, తర్వాత ధారలు. కారిన నీళ్ళన్నీ పల్లంలో ఉన్న పెద్ద గుంటలో చేరతాయి. ఆ గుంటని సంపు అంటారు. సంపులోంచి పంపు నీళ్ళు లాగి, పైపుల గుండా గని బయటికి పంపుతుంది. ఇదీ అన్నదమ్ముల పని.

సర్దార్ గట్టయ్య వచ్చి చూశాడు. లోపల పనివాళ్ళందరి మీదా అజమాయిషీ ఆయనదే. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. సున్నం తెప్పించి సంపు పక్క గోడ మీద ఒక తెల్లగీత గీశాడు.

"ఇగో, మంచిగ చూడుండ్రి. నీళ్ళు ఈ గీత దాటొద్దు. దాటినయా, ఇక్కడ పని బందు పెడ్తరు. పంపు పీక్కపోతరు. పంపు పోతే మీ క్వార్టరు గూడ పోతది. సమజైందా?"

సమజైంది. క్వార్టరు పోతే బుచ్చవ్వ పుట్టింటికి పోవాలి. అక్కడ బుచ్చవ్వ తమ్ముళ్ళు ఉన్నారు. బావ ఒక మెతుకు ఎక్కువ తింటే పళ్ళు కొరికే రకం. ముగ్గురూ గీత ముందు గొంతుకూర్చుని కన్నార్పకుండా చూశారు. గీతని చూస్తూ కూర్చుంటే ఇక పంపు సంగతి ఎవరు చూడాలి? పంపు మూతిలో చెత్త ఇరుక్కుని లాగడం తగ్గింది. నీళ్ళు పైకొచ్చాయి. గీతకి బెత్తెడు దూరంలోకి వచ్చాయి.

"అన్నా, దాటేటట్టున్నయి" అన్నాడు బక్కయ్య.

"దాటొద్దన్నడు గదరా" అన్నాడు ఓదెలు.

"నీళ్ళకు చెప్తే వింటయా? గీతకైతే చెప్పచ్చు" అన్నాడు రాజమొగిలి.

ఇంకేముంది. పాత గీత తుడిచేసి మూరెడు పైన కొత్త గీత గీశారు. నీళ్ళు అక్కడికీ వచ్చాయి. ఇంకో మూరెడు పైకి గీశారు. అలా గీస్తూ గీస్తూ పోతే గీత పైకప్పుకి తగిలింది. గట్టయ్య సద్దిగిన్నె నెత్తిమీద పెట్టుకుని, ఛాతీలోతు నీళ్ళు తోసుకుంటూ వచ్చాడు.

"గీత ఏదిరా?"

"పైన సల్లగున్నది సర్దార్. నీళ్ళు ఇంతవరకు తాకనే లేదు" అన్నాడు ఓదెలు నిబ్బరంగా.

గట్టయ్య తిట్టిన తిట్లు పిల్లలున్న ఇంట్లో చెప్పేవి కావు. పంపు మూతి శుభ్రం చేయించి, నీళ్ళు దిగేదాకా అక్కడే నిలబడ్డాడు. నిలబడి నిలబడి కాస్త చల్లబడ్డాక వాళ్ళకి అర్థమయ్యేలా చెబుదామనుకున్నాడు. ఆయన చేసిన తప్పు అదే.

"అసలు ఈ నీళ్ళు యాడికెల్లి వస్తయో ఎరుకేనా మీకు?"

"పైకెల్లి" అన్నాడు బక్కయ్య.

"పైన ఏమున్నది?"

"ఊరున్నది. మా ఇల్లున్నది. మా వదినె ఉన్నది."

"మీ వదినె కాదురా. బొగ్గు మీద ఇసుకరాయి ఉంటది. వాన పడ్తే నీళ్ళు మెల్లమెల్లగ నేలలకు దిగి ఆ రాయిల నిల్వ ఉంటయి. తడిబట్ట తీరు అనుకోండ్రి. కింద మనం బొగ్గు తీస్తిమి. పట్టు లేక పైకప్పు కుంగుతది, పగుళ్ళిస్తది. ఆ పగుళ్ళల్లకెల్లి రాయిలున్న నీళ్ళు కిందికి కారుతయి. అర్థమైందా?"

"అయింది సర్దార్. తడిబట్ట" అన్నాడు ఓదెలు.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. బుచ్చవ్వ జొన్నరొట్టెలు కాలుస్తూ అంతా విన్నది.

"తడిబట్ట అయితే ఎండబెట్టాలె. ఇంత చిన్న ముచ్చట చెప్పనీకి సర్దార్ అంతసేపు ఒర్రిండా?" అన్నది.

"గనిల ఎండ ఏడికెల్లొస్తది వదినా?"

"ఎండ లేకుంటె గాలికి ఆరబెడ్తరు. మొన్న ముసురుల మీ అంగీలు ఎట్ల ఆరబెట్టిన?"

అంతే. తెల్లారి ముగ్గురూ మూడు చాటలు, బుచ్చవ్వ పాత చీర పట్టుకుని గనిలోకి దిగారు. ఓదెలు, బక్కయ్య చాటలతో పైకప్పుకి గాలి విసరడం మొదలుపెట్టారు. రాజమొగిలి బల్ల ఎక్కి చీరతో పైకప్పు తుడిచాడు. చీర తడిసినప్పుడల్లా కిందికి దిగి శుభ్రంగా పిండాడు. ఎక్కడ పిండాడంటారా? సంపులో. తడి నేల మీద పిండితే ఎవరైనా జారి పడతారని అతని జాగ్రత్త.

గనిలోకి అగ్గిపెట్టె తీసుకుపోయి మంట పెట్టి ఆరబెడదామని అనుకోలేదా అంటే, అనుకోలేదు. అగ్గిపెట్టె లోపలికి తేవద్దని ఎప్పుడో చెప్పి ఉన్నారు. చెప్పింది చెప్పినట్టు చేయడంలో కూడా ఒక్కోసారి లాభం ఉంటుంది.

మధ్యాహ్నానికి ముగ్గురి చేతులూ పడిపోయాయి. పైకప్పు మాత్రం కారుతూనే ఉంది.

"ఇది ముతకబట్ట అయ్యుంటది. ఆరనీకి టైం పడ్తది" అన్నాడు ఓదెలు.

అప్పుడే గని మేనేజరు జనార్దన్ సారు నుంచి కబురు వచ్చింది. పెద్దాఫీసు నుంచి పెద్ద సారు గని చూడ్డానికి వస్తున్నాడట. జనార్దన్ సారు సంపు దాకా వచ్చి, అద్దాలు తుడుచుకుని, అన్నదమ్ములతో గట్టిగా చెప్పాడు.

"చూడండి. రేపు పెద్ద సారు వచ్చినప్పుడు ఈ నీళ్ళు ఆయన కంటికి కనపడకూడదు. కనపడ్డాయో, నా పరువు పోతుంది, మీ పంపు పోతుంది."

నీళ్ళు తోడెయ్యమని ఆయన భావం. ఆయన చెప్పింది మాత్రం కనపడకూడదని. గని లోపల గాలిని మళ్ళించడానికి కట్టే దళసరి పరదా గుడ్డలుంటాయి. వాటిని తెచ్చి సంపు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా బిగించి పరిచారు. దాని మీద బొగ్గుపొడి సన్నగా చల్లారు. బక్కయ్య నాలుగు గులకరాళ్ళు కూడా పెట్టాడు, నేల అనిపించడానికి.

మర్నాడు పెద్ద సారు వచ్చాడు. కొత్త బూట్లు, తెల్ల టోపీ, చేతిలో కర్ర. ముందు ఆయన, వెనక జనార్దన్ సారు, ఆ వెనక గట్టయ్య.

"నీళ్ళ గొడవ ఉందన్నారు. ఎక్కడా చుక్క కనపడదే" అన్నాడు పెద్ద సారు సంతోషంగా, ఒక అడుగు ముందుకేసి.

ఇంకేముంది. గులకరాళ్ళతో సహా నడుందాకా దిగబడ్డాడు. టోపీ ఒకవైపు తేలింది, కర్ర ఒకవైపు తేలింది. గట్టయ్య చంకల కింద చేతులు పెట్టి ఆయన్ని పైకి లాగుతుంటే, బక్కయ్య వంగి వినయంగా అడిగాడు.

"సారూ, కనపడ్డయా?"

పెద్ద సారు నోట్లో నీళ్ళు ఉమ్మేసి, "లేదు" అన్నాడు. ఏం చేస్తాడు, అది నిజమే కదా.

"కనపడలేదంటున్నరు సారు" అని బక్కయ్య జనార్దన్ సారుకి అప్పజెప్పాడు.

పెద్ద సారు బట్టలు పిండుకుంటూ వెళ్ళిపోయాక జనార్దన్ సారు మొహం బొగ్గు కన్నా నల్లగా అయింది. "నాకేం చెప్పొద్దు. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడికే పంపించెయ్యండి. నాకు మళ్ళీ మీ మొహాలు చూపించకండి" అని అరిచాడు.

రెండు హుకుములు ఒకేసారి వచ్చాయి. రెండోది తేలిక. ఆ రోజు నుంచీ మేనేజరు ఎదురొస్తే ముగ్గురూ తువ్వాళ్ళు మొహం మీద కప్పుకుని నడిచారు. గోడలకి గుద్దుకున్నారనుకోండి, అది వేరే సంగతి. మొదటిదే కష్టం. నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో కనుక్కోవాలి.

బుచ్చవ్వతో సహా నలుగురూ కలిసి గని మీది నేలంతా వెతికారు. గని పైన పిల్లవాగు పారుతుంది. కింద బొగ్గు తీసేసిన చోట పైన నేల కుంగి, వాగు అడుగున ఒక పగులు నోరు తెరుచుకుని ఉంది. వాగు నీళ్ళు అక్కడికి వచ్చి సుడి తిరిగి గుటుక్కు గుటుక్కున లోపలికి పోతున్నాయి.

"దొరికింది. ఇగో, ఇక్కడికెల్లి పోతున్నయి లోపటికి" అన్నది బుచ్చవ్వ.

కనిపెట్టింది గొప్ప విషయమే. ఇంజనీర్లు వెతకాల్సింది అదే. ఆ ముక్క పోయి గట్టయ్యకి చెప్పి ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది. కానీ చెప్పమని ఎవరూ చెప్పలేదు. పంపమని చెప్పారు.

అంతే. పంపు నీళ్ళు బయట పడే పైపు ఉంది చూశారా, దాన్ని ముక్కకి ముక్క అతికించి లాక్కొచ్చి, మూతి సరిగ్గా ఆ పగులులో దూర్చారు. గనిలో నీళ్ళు పంపులోకి, పంపు నుంచి పైపులోకి, పైపు నుంచి పగులులోకి, పగులు నుంచి మళ్ళీ గనిలోకి. ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడికే.

"ఒక్క చుక్క వేరే తొవ్వ పట్టలే" అని ఓదెలు పైపు మీద చెయ్యి వేసి మురిసిపోయాడు.

పంపుకి పగలూ రాత్రీ ఊపిరాడే తీరిక లేదు. ఎంత తోడితే అంత వచ్చేది. పంపుకి బిగించిన మీటరు గిర్రున తిరిగి, ఏ గనిలోనూ ఎవరూ తోడనన్ని నీళ్ళు తోడినట్టు లెక్క చూపించింది. ఆ లెక్క పెద్దాఫీసుకి వెళ్ళింది. అక్కడ చదివినవాళ్ళు కుర్చీల్లో నిటారుగా కూర్చున్నారు. నల్లచెలక గనికి మెచ్చుకోలు పత్రం, జనార్దన్ సారుకి శాలువా, పంపుకి పూలదండ. దండ వెయ్యడానికి పెట్టిన సభకి పెద్ద సారే వచ్చాడు. ఈసారి ప్రతి అడుగూ కర్రతో పొడిచి చూసుకుంటూ వచ్చాడు.

ఇన్ని నీళ్ళు తోడాక కూడా సంపు ఎందుకు నిండుగా ఉందని సభలో ఎవరూ అడగలేదు. మైకు ఒక్కటే ఉంది. అది పొగిడేవాళ్ళ చేతిలోంచి రాలేదు.

నల్లచెలక ఆడవాళ్ళు కొందరు బిందెలు పట్టుకుని ఆ సభకి వచ్చారు. రాయిలో నీళ్ళన్నీ గనిలోకి కారిపోతుంటే ఊళ్ళో చేదబావులు అడుగంటుతున్నాయని చెప్పుకోవడానికి. ఆఫీసు వాళ్ళు శ్రద్ధగా విన్నారు. విని, ఎండిన బావుల దగ్గర ఒక్కో బోర్డు పాతించారు, నీటిని పొదుపుగా వాడండి అని. ఈ కథలో తెలివితక్కువవాళ్ళు ఓదెలు ఇంటివాళ్ళొక్కరే అని నేను చెప్పలేదు.

దండ వేసిన పంపుని చూడ్డానికి గట్టయ్య కూడా వచ్చాడు. ఆయనకి మాత్రం ఎక్కడో తేడా కొట్టింది.

"ఓదెలూ, ఇన్ని నీళ్ళు యాడ పోస్తున్నవురా?"

"యాడికెల్లొచ్చినయో ఆడనే సర్దార్."

"అంటే?"

"రా, చూపిస్త."

పగులులో దూర్చిన పైపుని చూసి గట్టయ్య వాగు ఒడ్డున కూలబడ్డాడు. అంత పెద్ద గొంతూ చాలా చిన్నగా వచ్చింది.

"ఇన్ని దినాల నుంచి అవే నీళ్ళురా? తోడిందే తోడుతున్నరారా?"

"ఎరుకైన నీళ్ళు సర్దార్. కొత్త నీళ్ళయితే ఏ గుణమో ఏమో" అన్నాడు రాజమొగిలి.

గట్టయ్య జనార్దన్ సారు చెవిలో సంగతి వేశాడు. శాలువా ఇంకా భుజం మీదే ఉంది కాబట్టి సారు ఎవరికీ చెప్పకుండా, ఆ పగులు వెంటనే మూసెయ్యమన్నాడు. పైపు తీయించి, దాని మూతి వాగుకి దూరంగా పల్లపు చేల వైపు తిప్పించారు. వాగుకి పైన అడ్డుకట్ట వేసి, బండ్ల కొద్దీ నల్లరేగడి మట్టి తోలించారు. మట్టి మోసే పని అన్నదమ్ములకి ఇచ్చారు. ఈసారి గట్టయ్య ఏ పొరపాటూ జరగనివ్వకూడదని పగులు మధ్యలో తానే నిలబడ్డాడు.

"నేను ఏడ చూపిస్తె ఆడనే వెయ్యుండ్రి. ఇటు అటు ఎయ్యొద్దు. ఇగో, ఇక్కడ" అని తన కాళ్ళ వైపు వేలు చూపించాడు.

వేశారు. వేసి తొక్కారు. మళ్ళీ వేసి దిమ్మిస కొట్టారు. గట్టయ్య "ఆగురా, ఆగుండ్రిరా" అంటూనే ఉన్నాడు, మట్టి మోకాళ్ళ దాకా వచ్చింది. నలుగురు పట్టి పీకితే ఆయన వచ్చాడు కానీ చెప్పులు రాలేదు. ఆ చెప్పులు అక్కడే పగులుకి గట్టి పట్టు అయ్యాయని తర్వాత ఓదెలు అందరితో చెప్పుకున్నాడు.

ఏమైతేనేం, పగులు పూడింది. గనిలో ధారలు చుక్కలయ్యాయి. చుక్కలు ఆగాయి. పంపు సంపంతా పీల్చేసింది. అడుగున బురద, ఆ బురదలో పెద్ద సారు కర్ర తాలూకు పిడి, అంతే మిగిలింది. ఊరి బావుల్లో జానెడు నీళ్ళు ఊరాయి. అందరూ సంతోషించారు. ఓదెలు ఇంట్లో తప్ప.

ఎందుకంటే జనార్దన్ సారు వచ్చి ఎండిన సంపు చూసి నవ్వాడు. "భేష్. ఇక్కడ ఇక పంపుతో పని లేదు. సోమవారం ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. సంపులో నీళ్ళు లేవని ఆయన కూడా చూస్తే పంపు తీసి పక్క గనికి పంపేస్తాం" అన్నాడు.

ఆ పూట ఓదెలు ఇంట్లో అన్నం ఎవరికీ దిగలేదు.

"నీళ్ళు నిండితే పంపు పోతదన్నరు. నీళ్ళు ఎండితే గూడ పంపు పోతదంటున్నరు. ఇదేం ఉద్యోగమే బుచ్చవ్వా?" అన్నాడు ఓదెలు కళ్ళు తుడుచుకుంటూ.

"సామాను కట్టుకోవాల్నా వదినా? మీ తమ్ముళ్ళు నన్ను పశులకాడ పండుమంటరు" అన్నాడు బక్కయ్య.

బుచ్చవ్వ చెంగు నడుముకి దోపింది.

"ఎవ్వలూ యాడికీ పోరు. సారు ఏమన్నడో సక్కగ చెప్పు. నీళ్ళు లేకుంటెనే పంపు తీస్తమన్నడా?"

"అవ్."

"ఉంటే తియ్యరు గద?"

"తియ్యరు."

"మరి ఏడుస్తరేందయ్యా? లెవ్వుండ్రి. బిందెలు తియ్యుండ్రి."

అంతే. మర్నాటి నుంచి పని మొదలైంది. పల్లపు చేలలో ఉన్న పైపు మూతి దగ్గర నిలిచిన నీళ్ళతో బుచ్చవ్వ బిందెలు నింపేది. గని వాకిలి దాకా తనే మోసేది. అక్కడి నుంచి రాజమొగిలి, బక్కయ్య అందుకుని, ఏటవాలు దారిలో కిందికి మోసుకుపోయి సంపులో పోసేవారు. ఓదెలు పంపు వేసేవాడు. పంపు ఆ నీళ్ళని లాగి పైపులో పంపేది. పైపు మూతి దగ్గర బుచ్చవ్వ మళ్ళీ పట్టేది. మధ్యలో ఒలికిన నీళ్ళకి బదులు క్వార్టరు నల్లా నుంచి తెచ్చి కలిపేవారు. అది తేవాలంటే బుచ్చవ్వ కిటికీ దూకాలి, అయినా దూకింది. ఒక్కరూ నడుము వాల్చలేదు.

సోమవారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నెమ్మదస్తుడు, చదువుకున్నవాడు. గని వాకిట్లో నిలబడి జనార్దన్ సారుని అడిగాడు.

"భూమిలో నీళ్ళు ఈ గనిలోకి ఏ దారిన వస్తున్నాయో ఎప్పుడైనా తేల్చారా?"

"తేల్చాం సార్. పైన ఇసుకరాయి ఉంది, దానికి పగుళ్ళు..." అంటూ జనార్దన్ సారు గొంతు సవరించుకున్నాడు.

"జర పక్కకు జరుగుండ్రి సారూ, నీళ్ళొస్తున్నయి" అన్నాడు బక్కయ్య వెనక నుంచి, నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందెతో. మేనేజరుకి మొహం చూపించకూడదు కాబట్టి తువ్వాలు మెడ దాకా కప్పుకుని ఉన్నాడు. వెనకే రాజమొగిలి, అతనిదీ అదే వేషం.

ఇన్‌స్పెక్టర్ పక్కకి జరిగాడు. "ఇవేమిటి?"

జనార్దన్ సారుకి నిజంగానే తెలీదు. తెలీదని చెప్పడం అలవాటు లేదు. "లోపల పనివాళ్ళకి మంచినీళ్ళు సార్. మా గనిలో ఆ వసతి బాగా చూస్తాం" అన్నాడు.

"చాలా మంచిది" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అందరూ కిందికి దిగారు. సంపులో మోకాలి లోతు నీళ్ళున్నాయి. ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. పంపు వేయించి చూశాడు. నీళ్ళు తగ్గాయి, ఇంతలో ఆయన జనార్దన్ సారుతో అటు తిరిగి రెండు మాటలు మాట్లాడి ఇటు తిరిగేసరికి మళ్ళీ పెరిగాయి. తలపంకించాడు.

"వానలు వెనకబట్టి ఇన్నాళ్ళయినా ఊట ఆగలేదంటే ఇది మామూలు ఊట కాదు. పంపు తీసెయ్యడమేమిటి? ఇక్కడ ఒక పంపు చాలదు. రెండోది బిగించండి. ఈ మనుషుల్నే పెట్టండి, పనిమంతుల్లా ఉన్నారు."

అంతే. పంపు నిలిచింది, క్వార్టరు నిలిచింది. బక్కయ్య రెండు ఖాళీ బిందెలూ ఊపుకుంటూ ఏటవాలు దారంతా పరుగెత్తి, పల్లపు చేలలో పైపు దగ్గర వంగి ఉన్న బుచ్చవ్వకి ఆయాసపడుతూ చెప్పాడు.

"వదినా, మనకు రెండో పంపు గూడ ఇస్తున్నరట."

బుచ్చవ్వ నడుం నిమురుకుంటూ లేచింది. తడి చెంగు పిండుకుని, నెత్తి మీద చుట్టకుదురు సర్దుకుని అన్నది.

"ఇయ్యనీ. పని పెద్దగైతున్నది గద. మీ అన్నకు చెప్పు, దుకాణం పోయి ఇంకో నాలుగు బిందెలు తెమ్మను."